కంచు రేకు మీది పౌరసత్వం
రోమన్లు పరాయి జాతులను కేవలం కత్తితోనే ఏలారని ఒక వ్యాసకర్త తేల్చేశారు, ఆ మాటతో నేను ఏకీభవించలేను. క్రీ.పూ. 146లో వారు ఉత్తర ఆఫ్రికాలోని ప్రత్యర్థి నగరం కార్తేజ్‌ను నేలమట్టం చేసి, బతికి బయటపడ్డవారిని బానిసలుగా అమ్మిన మాట నిజమే. అయితే రోమన్ పౌరులు కానివారితో కూడిన సహాయక దళాల్లో 25 ఏళ్లు కొలువు చేసిన గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), థ్రేస్ (ఆగ్నేయ ఐరోపా) ప్రాంతాల సైనికులకు అదే రాజ్యం పౌరసత్వం ఇచ్చింది. ఆ హక్కుపత్రం రెండు చిన్న కంచు రేకులు: లోపలా బయటా ఒకే శాసనం చెక్కి, తీగతో బిగించి, ఏడుగురు సాక్షుల ముద్రలు వేసేవారు, బయటి రాతను ఎవరైనా దిద్దారన్న అనుమానం వస్తే ముద్రలు విప్పి లోపలి రాతతో సరిచూసుకోవచ్చు. క్రీ.శ. 48లో గాల్ ప్రముఖులకు రోమ్ పెద్దల సభ అయిన సెనేట్‌లో చోటివ్వాలని క్లాడియస్ చక్రవర్తి వాదించారు. గ్రీకు నగర రాజ్యాలైన ఏథెన్స్, స్పార్టాలు తమ చేతిలో ఓడినవారిని పరాయివారిగా దూరం పెట్టినందువల్లే పతనమయ్యాయని ఆయన అన్నట్లు రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. నాకు ఇది ఔదార్యం కన్నా దూరదృష్టిగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ కంచు రేకు చేతికందేసరికి సైనికుడి యౌవనమంతా రోమ్ సరిహద్దుల్లోనే గడిచిపోయేది.