వాక్యూమ్ ఛాంబర్ గారికి, క్యూలో చివర నిలబడ్డ ఉపగ్రహం తరఫున

మహారాజశ్రీ థర్మల్ వాక్యూమ్ ఛాంబర్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని విన్నాం. పంపులు ఆపి చాలా కాలమైందట, మీ మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచారట, అరుగూ తరుగూ లేకుండా హాయిగా ఉన్నారట. మా సంగతే కాస్త టెన్షన్‌గా ఉంది.

మమ్మల్ని మీరు ఎరగరు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పది సెంటీమీటర్లే ఉన్న ఒక చిన్న ఉపగ్రహం మాది. 1999లో కాల్ పాలీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల ఆచార్యులిద్దరు ఈ కొలత ఖాయం చేసి, క్యూబ్‌శాట్ అని పేరు పెట్టారు. ఇక విద్యార్థులు కూడా ఉపగ్రహాలు కట్టుకోవచ్చన్నారు. కట్టుకున్నాం. సోలార్ సెల్స్ అతికించాం, బ్యాటరీ పెట్టాం, రేడియో మాట్లాడుతోంది. మిగిలిందల్లా మీ దర్శనం, అంటే అంతరిక్షంలోని శూన్యాన్ని, వేడిని, చలిని తట్టుకుంటామో లేదో మీ లోపల కూర్చుని పరీక్షించుకోవడం. అదే దొరకడం లేదు.

లోపల ఏమీ లేకపోయినా పెద్ద హోదాలో కూర్చున్నవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. ఆ ఖాళీని కొలిచి, గ్రాఫు గీసి, సంతకం పెట్టి మరీ చూపించే నిజాయితీ మాత్రం మీ ఒక్కరికే ఉంది. బయటి గాలి పీడనంలో కోటో వంతుకన్నా కిందికి దిగితే గానీ మీరు పని మొదలుపెట్టరు. గాలి తోడేశాక, నల్లరంగు పూసిన మీ లోపలి గోడల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పారిస్తారు. దగ్గరి కక్ష్యలో తిరిగే ఉపగ్రహం సుమారు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టివస్తుంది. ఒక్కో చుట్టులో కాసేపు మండే ఎండ, కాసేపు కటిక చీకటి. ఆ రెండింటినీ మీరు నేలమీదే రుచి చూపిస్తారు. మా టేబుల్ మీద చల్లగా పనిచేసిన చిప్పు మీ కడుపులోకి రాగానే మాడిపోవచ్చు. దాని వేడిని మోసుకుపోయే గాలి అక్కడ ఉండదు కదా. ఫ్యాను పెట్టినా తిరుగుతుంది గానీ, విసరడానికి దానికి ఏమీ దొరకదు.

ఇక ఆవిర్ల సంగతి. జిగురు, టేపు, వైరు తొడుగు, పెయింటు, అన్నీ శూన్యంలో మెల్లగా ఏదో ఒకటి వదులుతాయి. ఆ వదిలింది వెళ్లి చల్లగా ఉన్న చోట పేరుకుంటుంది. చాలాసార్లు ఆ చల్లని చోటు కెమెరా లెన్సే అవుతుంది. తోకచుక్క దుమ్ము తేవడానికి వెళ్లిన స్టార్‌డస్ట్ నౌక కెమెరా దారిలో ఇలాగే మసకబారితే, హీటర్లు వేసి ఆ పొరను పోగొట్టుకోవాల్సి వచ్చింది. అందుకే ఏఎస్‌టీఎం ఈ595 అనే పరీక్ష ఒకటి ఉంది. పదార్థాన్ని శూన్యంలో 125 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. బరువు 1 శాతానికి మించి తగ్గకూడదు. అందులో చల్లటి పలక మీద పేరుకునేది 0.1 శాతం దాటకూడదు. స్క్రూ కింద చిక్కుకున్న చిటికెడు గాలి కూడా మీకు పట్టుబడుతుంది. అది గంటల తరబడి సన్నగా బయటికి వస్తూనే ఉంటుంది, లీకు ఎక్కడుందో తెలియక ఇంజనీర్లు ఛాంబర్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తూనే ఉంటారు.

ఇంత పొగిడాం కాబట్టి ఇప్పుడు కాస్త తిట్టడానికి అనుమతించండి.

మీ వంశం గొప్పదే, ఒప్పుకుంటాం. ఒహాయోలోని నాసా స్పేస్ పవర్ ఫెసిలిటీ మీ అందరికీ పెద్దన్న. 30 మీటర్ల వెడల్పు, 37 మీటర్ల ఎత్తు. మా ఉపగ్రహాన్ని అందులో పెడితే తిరిగి వెతకడానికి ఇంకో ప్రాజెక్టు ప్రతిపాదన రాయాలి. హ్యూస్టన్‌లో నాసా వారి ‘ఛాంబర్-ఎ’ అనే ఛాంబర్ తలుపు ఒక్కటే 40 టన్నులు. 2017లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు దాదాపు 100 రోజులు అందులో చలిలో గడిపింది. మధ్యలో హార్వీ తుఫాను ఊరిని ముంచేసినా లోపలి చలి చెక్కుచెదరలేదు. నెదర్లాండ్స్‌లోని ఐరోపా అంతరిక్ష సంస్థ వారి ఛాంబర్‌కు పెద్ద పెద్ద జెనాన్ దీపాలతో సొంత సూర్యుడే ఉన్నాడు. వీళ్లెవరి మీదా మాకు అసూయ లేదు. నెక్స్ట్ అనే అయాన్ థ్రస్టర్ (విద్యుదావేశం ఉన్న కణాలను, అంటే అయాన్లను, చిమ్ముతూ నౌకను తోసే ఇంజను) మీద మాత్రం ఉంది. నాసా గ్లెన్ కేంద్రంలో మీ బంధువు ఒకరి ఇంట్లో దిగి, 2013 నాటికి 48,000 గంటలకు పైగా నడుస్తూ కూర్చుంది. అంటే అయిదున్నరేళ్లు! ఓర్పు పరీక్ష అంటే అలాగే ఉండాలి, కాదనం. మేం అడుగుతున్నది ఒక్క వారం. మా ఓర్పుకు పరీక్ష ఇప్పటికే పూర్తయింది.

అసలు తగువు డబ్బు దగ్గర. మిమ్మల్ని కొనడానికి నిధులిచ్చే వారికి కొదవ లేదు. మీరు మెరుస్తారు, ఫొటోలో బాగా పడతారు, మీ తలుపు పక్కన శిలాఫలకం పెట్టడానికి కావలసినంత గోడ ఉంటుంది. రిబ్బన్ కత్తిరించాక కథ మారుతుంది. ద్రవ నైట్రోజన్ ఎవరు కొనాలి? పంపు సర్వీసింగ్ ఎవరు చేయించాలి? రాత్రంతా కూర్చుని ఉష్ణోగ్రత గీతల్ని చూసే టెక్నీషియన్‌కు జీతం ఏ పద్దులో రాయాలి? అడిగితే, "యంత్రం ఇచ్చాం కదా" అంటారు. ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు ఉంది వ్యవహారం. ప్రాజెక్టు ముగిసేసరికి మిమ్మల్ని నడపడం తెలిసిన ఒక్క మనిషికి కాంట్రాక్టు కూడా ముగుస్తుంది. ఆయన వెళ్తూ వెళ్తూ పాస్‌వర్డ్ తీసుకెళ్లలేదు గానీ, మీ మూడో వాల్వ్‌ను ఏ మూడ్‌లో ఉన్నప్పుడు ఎలా తిప్పాలో ఆ కిటుకు తీసుకెళ్లిపోయారు.

కొన్నవారు ఇంకొకరికి ఇవ్వరా అంటే, ఇస్తామనే అంటారు. అందుకు ఒక ఫారం ఉంది. అందులో మా ఉపగ్రహం ఆవిర్లు వదలదని రుజువు చూపమన్నారు. ఆ రుజువు ఎక్కడ దొరుకుతుంది? వాక్యూమ్ ఛాంబర్‌లో. ఛాంబర్ ఎక్కడ దొరుకుతుంది? ఆ రుజువు చూపినవారికి. దీన్ని దాటితే అద్దె పట్టిక వస్తుంది. పెద్ద కంపెనీలకు వేసిన రేటే విద్యార్థులకూ వేసి, సమానత్వం పాటించారు. ఎలాగో నిధి సంపాదిస్తే, మీ తేదీ వచ్చేలోపే ఆ నిధి ఆర్థిక సంవత్సరం ముగిసిపోతుంది. నిధి నిలిస్తే, మీ తేదీ కంటే ముందే ప్రయోగం తేదీ వచ్చి పడుతుంది. రాకెట్ మా కోసం ఆగదు. అందులో పక్క సీట్లలో ఇంకా చాలామంది ఉంటారు.

అప్పుడు టీంలు ఏం చేస్తాయో మీకు తెలియదేమో, చెబుతాం. వైబ్రేషన్ పరీక్ష చేయించకపోతే రాకెట్ వాళ్లు ఎక్కనివ్వరు కాబట్టి అది ఎలాగోలా చేయిస్తారు. పూర్తి థర్మల్ వాక్యూమ్ పరీక్షకు బదులు ఒక్క బేకౌట్‌తో, అంటే ఆవిర్లు పోయేలా వేడిచేయడంతో, సరిపెట్టి, దేవుడి మీద భారం వేస్తారు. మొదటిసారి కట్టిన విశ్వవిద్యాలయ క్యూబ్‌శాట్‌లలో చాలావాటి నుంచి పైకి వెళ్లాక ఒక్క మాటా వినబడలేదు. వాటన్నిటి ఉసురూ మీకే తగులుతుందని అనను. బ్యాటరీలు, యాంటెనాలు, సాఫ్ట్‌వేర్ కూడా తమ వంతు పాపం చేసుకున్నాయి. కానీ నేలమీద బయటపడగల లోపాన్ని కక్ష్య దాకా మోసుకెళ్లడం ఎవరి పొదుపో మాకు అర్థం కాదు.

మీ యజమానుల భయాన్ని కొట్టిపారేయలేం. చౌక సిలికోన్ జిగురు పూసుకొచ్చిన అతిథి ఒక్కడు చాలు, మీ గోడలకు పట్టిన పొరను వదిలించడానికి వారాలు పడుతుంది. ఆ తర్వాత వచ్చే టెలిస్కోపు అద్దం ఆ పాపం మోస్తుంది. థ్రస్టర్ల వాళ్లు ఇంకో రకం. వాళ్ల అయాన్లు మీ లోపలి గోడలనే చెక్కేస్తాయి. కాబట్టి అందరినీ ఒకే గదిలోకి తోయమని మేం అనడం లేదు. అద్దాలకు శుభ్రమైన ఛాంబర్ ఒకటి, మాలాంటి జిగురు బ్యాచ్‌కు కాస్త మురికి తట్టుకునేది ఒకటి ఉంటే చాలు. మాకు మీ పెద్దన్న అక్కర్లేదు. డ్రమ్ము సైజు తమ్ముడు ఉన్నా సర్దుకుంటాం.

ఇదంతా ఊహ అనుకుంటారేమో. జపాన్‌లోని క్యుషు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 2010లో చిన్న ఉపగ్రహాల కోసమే ఒక పరీక్షా కేంద్రం పెట్టారు. శూన్యం, వేడి, కుదుపు, అన్నీ ఒకే చోట. బర్డ్స్ అనే కార్యక్రమం కింద పలు దేశాల విద్యార్థులు అక్కడికి వెళ్లి, తమ ఉపగ్రహాలను అక్కడే కట్టి, అక్కడే పరీక్షించుకున్నారు. 2017లో ఘనా, మంగోలియా, బంగ్లాదేశ్‌ల తొలి ఉపగ్రహాలు అలాగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి బయటికి వచ్చాయి. మరుసటి ఏడాది భూటాన్ వంతు. ఈ దేశాలన్నీ మొదట తలా ఒక ఛాంబర్ కొనుక్కోవాలని పట్టుబట్టి ఉంటే, ఈపాటికి టెండర్ల మీద అభ్యంతరాలు వింటూ ఉండేవి. ఐరోపాలో యూరోప్లానెట్ అనే గ్రహ పరిశోధనా ప్రాజెక్టు ఇంకో దారి చూపింది. గ్రహాల వాతావరణాన్ని సృష్టించే ల్యాబ్‌లకు వాడిన సమయానికి డబ్బిచ్చింది, వచ్చే పరిశోధకులకు ప్రయాణం, బస ఖర్చులిచ్చింది. యంత్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మనుషులు కదిలారు. ఆ ప్రాజెక్టు నిధులు 2024లో ముగిశాయి. మంచి అలవాట్లకు గడువు తేదీ వేయడంలో నిధులిచ్చే సంస్థలు ఎప్పుడూ ముందుంటాయి.

అందుకే మా మనవి మీకే. మీ యజమానులను, వారికి నిధులిచ్చే పెద్దలను ఒక పద్దు రాయమని చెప్పండి. ఇంకో ఛాంబర్ కొనే పద్దు వద్దు. ఉన్న ఛాంబర్ల గంటలు కొనే పద్దు కావాలి. ఆ గంటల్లో నైట్రోజన్, టెక్నీషియన్ జీతం, వచ్చేవారి రైలు టికెట్టు, అన్నీ కలిసి ఉండాలి. మొదటిసారి వచ్చేవాడికి ఏ టేపు తేవాలో, ఏ స్క్రూకి గాలి పోయే రంధ్రం ఉండాలో ముందే చెప్పే మనిషి కూడా ఆ లెక్కలోనే ఉండాలి. ప్రయోగం వాయిదా పడితే స్లాట్ కూడా వాయిదా పడాలి, రద్దు కాకూడదు. ఏ తేదీన ఖాళీగా ఉన్నారో అందరికీ కనబడేలా మీ కాలెండర్ బయట పెట్టాలి. మీ మూలపురుషుడు, జర్మనీలోని మాగ్డెబర్గ్ మేయర్ ఒట్టో ఫాన్ గెరిక్, 17వ శతాబ్దంలో రెండు రాగి అర్ధగోళాలను కలిపి లోపలి గాలి తోడేసి, గుర్రాలతో లాగించి, అందరి ముందూ చూపించాడు. గుర్రాలు లాగినా గోళాలు ఊడలేదు. ఆయన శూన్యాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకోలేదు. ఇప్పుడు గుర్రాలు మేమే, గట్టిగా బిగుసుకున్నది మీ బుకింగ్ పేజీ.

ఎప్పుడైనా ఎవరైనా పెద్ద అతిథి ఆఖరి నిమిషంలో రానని చెబితే, రాత్రి రెండు గంటలకైనా ఫోన్ చేయండి. వైర్లన్నీ శుభ్రం చేసి, సంచిలో మూట కట్టి ఉంచాం. చేతి తొడుగులు మావే తెచ్చుకుంటాం. వేలిముద్ర ఒక్కటి కూడా మీ మీద పడనివ్వం.

ఇట్లు,
తమ దర్శనం కోరుతూ,
పది సెంటీమీటర్ల ఉపగ్రహం, దాని టీం

తా.క.: మీ ఫారం చివరి పేజీలో "ఇంతకుముందు ఏ ఛాంబర్‌లో పరీక్షించారు?" అనే గడిలో "ఎక్కడా లేదు" అని రాశాం. నిజానికి అక్కడ ఏమీ రాయకుండా వదిలేశాం మొదట. ఖాళీ గడులను మీ సిస్టమ్ అనుమతించదట.