ఒంటరిగా సి నేర్చుకునే అమ్మాయికి ఏ పుస్తకం?

తెనాలిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న శ్రావణి, వేసవి సెలవుల్లో సి అనే ప్రోగ్రామింగ్ భాషను సొంతంగా నేర్చుకుంటానని ఇంట్లో చెప్పింది. గుంటూరులో ఉంటున్న మేనమామ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. అన్నయ్య హైదరాబాదులో చిన్న చిన్న పరికరాలకు సి లోనే ప్రోగ్రాములు రాస్తాడు. ఆ అమ్మాయికి కెర్నిహన్, రిచీలు రాసిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ చాలునని మామ అంటే, ఆ భాషకు వచ్చిన కొత్త ప్రమాణానికి, అంటే నియమావళికి, తగ్గట్టు రాసిన ఎనిమిది వందల పుటల పాఠ్యపుస్తకమే కావాలని ఆయనకు అల్లుడైన ఆ అన్నయ్య పట్టుబట్టాడు.

మామ: భాషను రూపొందించిన డెనిస్ రిచీ స్వయంగా కలిసి రాసిన పుస్తకం ఉండగా ఇంకొకటి వెదకడం ఎందుకు నాయనా? 1978లో తొలి కూర్పు, 1988లో రెండో కూర్పు వచ్చాయి. రెండోది 272 పుటలే కనుక సెలవులు అయ్యేలోగా రెండుసార్లు చదవవచ్చు. నువ్వు చెప్పే పుస్తకం ఒక్కసారి పూర్తయ్యేసరికి దసరా దాటుతుంది.

అల్లుడు: ఆ పుస్తకం ఎవరికోసమో దాని ముందుమాటే చెబుతోంది మామయ్యా. ఇది ప్రోగ్రామింగుకు తొలిపాఠం కాదనీ, చలరాశులు, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూపులు, పేరు పెట్టి పిలిచే పనిముక్కలైన ఫంక్షన్ల వంటివి కొంత తెలిసినవారి కోసం రాశామనీ రచయితలే ఒప్పుకున్నారు. కొత్తవారు కూడా చదువుకోగలరు గాని, తమకంటే తెలిసినవారు ఒకరు అందుబాటులో ఉంటే మేలని ఆ వెంటనే అన్నారు. మన చెల్లికి ఆ ఇంట్లో అలాంటివారు ఎవరున్నారు?

మామ: ముందుమాటలో వినయం కొంత ఉంటుంది, లోపలి పుటలు చూడు. మొదటి అధ్యాయంలోనే ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే పట్టిక ఉంది, సున్నా నుంచి 300 దాకా, ఇరవయ్యేసి డిగ్రీల చొప్పున. అక్కడ 5ను 9తో ముందే భాగించకుండా, మొదట 5తో హెచ్చవేసి ఆ తరువాత 9తో ఎందుకు భాగించారో అక్కడికక్కడే చెప్పారు. పూర్ణాంకాల భాగహారంలో భిన్నం రాలిపోతుంది గనుక 5 బై 9 సున్నా అయి, పట్టిక పొడుగునా సున్నాలే వస్తాయి. నా తరగతిలో ఏటా సగంమంది ఈ సున్నాల దగ్గరే బోర్లా పడేవారు. లావు పుస్తకాలలో ఈ సంగతి ఆపరేటర్ల అధ్యాయంలో ఎక్కడో ఒక మూల ఉంటుంది తప్ప, పిల్లవాడికి అవసరం పడిన క్షణాన ఎదురుకాదు.

అల్లుడు: ఆ పుట గొప్పదే, కాదనను. కానీ అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు మొదటి ప్రోగ్రాం నడవాలి కదా. ‘హలో వరల్డ్’ అని అచ్చువేసే ఆ నాలుగైదు వరుసలలో మెయిన్ అనే మాటకు ముందు, ఫలితం పూర్ణాంకమని చెప్పే ఇంట్ అన్న మాట లేదు. దాన్ని వదిలేసే ఆ వెసులుబాటును సి భాష 1999 ప్రమాణం తీసివేసింది. ఆ తరువాత కూడా, మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్లు హెచ్చరికతో సరిపెడుతూ వచ్చాయి గాని, 2024లో విడుదలైన జీసీసీ అనే కంపైలర్ 14వ కూర్పు మాత్రం దాన్ని తప్పుగానే లెక్కగట్టి అక్కడే ఆగిపోతుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టినా మొదటి రోజే తెరమీద ఎర్రర్ అని వస్తే, ఆ అమ్మాయి తప్పు పుస్తకానిదనుకోదు, తనదే అనుకుంటుంది.

మామ: ఒక్క మాట చేర్చుకుంటే తీరిపోయే చిక్కు అది.

అల్లుడు: ఏ మాట చేర్చాలో తెలిసిన మీకు తీరిపోతుంది. అదే అధ్యాయంలో ఇంకాస్త ముందుకు వెళితే, ఒక వరుసను చదివే గెట్‌లైన్ అనే ఫంక్షన్‌ను రచయితలు సొంతంగా రాశారు. తరువాతి కాలంలో అదే పేరుతో వేరొక ఫంక్షన్, యునిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణంలోకి వచ్చింది కనుక, లినక్సు మీద ఆ ప్రోగ్రాం పేర్లు కొట్టుకుని ఆగిపోతుంది. పేరు మార్చుకోవాలన్న సంగతి ఆమెకు ఎవరు చెబుతారు?

మామ: పాతబడడం ఒక్కటే నేరమైతే, నేను ఏళ్ళ తరబడి చెప్పినవన్నీ నేరాలే. నీలిరంగు తెర ఉన్న పాత కంపైలర్ టర్బో సి, అందులోని క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ ఫంక్షన్లు, ఇంట్ అంటే రెండు బైట్లు! ఆ తరహా పుస్తకాలు ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి.

అల్లుడు: వాటి విషయంలో మనకు తగువు లేదు, పక్కన పెడదాం.

మామ: సరే, అభ్యాసాల సంగతికి రా. వరుసగా ఉన్న ఖాళీలను ఒకే ఖాళీగా కుదించి, ఇచ్చిన రాతను తిరిగి అచ్చువేయమని ఒక లెక్క ఉంది, మొదటి అధ్యాయంలో తొమ్మిదోది, 1-9. చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది గాని, ఇంతకుముందు వచ్చిన అక్షరం ఏదో గుర్తుంచుకోవాలన్న ఊహ తనంతట తట్టేదాకా కదలదు. ఒక పూటంతా దానితో కుస్తీ పట్టినవాడు లూపును మరిచిపోడు. నీ పుస్తకం అధ్యాయానికి ముప్ఫై ప్రశ్నలు ఇస్తుంది, వాటిలో చాలావరకు ‘ఈ ప్రోగ్రాం ఏమి అచ్చువేస్తుంది’ అనేవే.

అల్లుడు: మంచి లెక్కే, చేసినది సరిగ్గా ఉందో లేదో తెలియడమెలా?

మామ: నడిపి చూస్తే తెలియదా?

అల్లుడు: వేరే భాషలో అయితే చాలావరకు తెలుస్తుంది, సి లో తెలియకపోవచ్చు. ఒకే రకం విలువలను వరుసగా పెట్టే పది గడుల అర్రేలో పదకొండో గడి ఉందనుకుని రాసినా కంపైలర్ కిమ్మనకపోవచ్చు, ప్రోగ్రాం నడిచి సరైన జవాబే ఇవ్వవచ్చు. వారం తరువాత దానికి ఇంకో చలరాశి చేర్చగానే ఎక్కడో కుప్పకూలుతుంది. మా ఆఫీసులో అనుభవం ఉన్నవాళ్ళమే ఇలాంటి ఒక్క గడి కోసం రెండు రోజులు వెదికాము. ఈనాటి కంపైలర్లకు అన్ని హెచ్చరికలూ చూపమని చెప్పవచ్చు, అడ్రస్ శానిటైజర్ అనే పరీక్షను జోడిస్తే హద్దు దాటిన వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది. 1988 నాటి పుస్తకానికి ఇవి తెలిసే వీలే లేదు. నేను చెప్పే పుస్తకం లావుగా ఉండడానికి సగం కారణం, పక్కన మాష్టారు లేరని తలచి రాయడమే.

మామ: ఈ మాట కొట్టిపారేయలేను. తరగతిలో ఆ శానిటైజరు పని నేనే చేసేవాడినేమో, పిల్లల భుజాల మీదుగా తొంగిచూస్తూ. కానీ అన్నీ విడమరిచి చెప్పే పుస్తకంలో ఇంకో ప్రమాదముంది, చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, తెరముందు కూర్చుంటే చేయి ఆడదు. పైగా నా పుస్తకంలో నూరో పుట రాకముందే, మెమొరీలోని చిరునామాలను పట్టుకునే పాయింటర్లు వచ్చేస్తాయి, నీ పుస్తకంలో?

అల్లుడు: రెండు వందల యాభై దాటాక.

మామ: అంతదాకా సెలవులు ఉండవు. తెలిసినవారొకరు కావాలని రచయితలే అన్నారన్నావు గనుక, ఆదివారాలు పొద్దుటి రైలుకు నేను తెనాలి వెళతాను. నువ్వు ఆ ఇంట్, ఆ గెట్‌లైన్, కంపైలర్‌కు ఇవ్వవలసిన ఆదేశం పుస్తకం అట్ట లోపల నీ చేత్తో రాసి పంపు.

అల్లుడు: అప్పుడది సొంతంగా నేర్చుకోవడం ఎలా అవుతుంది మామయ్యా? ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఆరు రోజులున్నాయి.

మామ: ఆ ఆరు రోజులూ ఆ పిల్ల ఎలా గడుపుతుందో మొదటి వారం చూద్దాం. నీ లావు పుస్తకం కూడా కొని ఉంచు; 1-9 దగ్గర నాలుగు రోజులు ఆగిపోతే నేనే ఫోను చేసి అడుగుతాను.