సరుకు ఓడెక్కింది, నోట్లు ఊళ్లో మిగిలాయి

రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన విమానాల్లో, మోగిన రేడియోల్లో పాత నెల్లూరు జిల్లా వాటా కూడా ఉంది. గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టుపక్కల గనుల్లో దొరికే మైకా (అభ్రకం) వేడికీ కరెంటుకూ లొంగదు. స్పార్క్ ప్లగ్గులకు, రేడియో వాల్వులకు, కండెన్సర్లకు అప్పట్లో అంతకు సాటి వచ్చే సరుకు లేదు. అందుకే 1942లో బ్రిటన్, అమెరికా కలిసి జాయింట్ మైకా మిషన్ పెట్టి మన దేశంలో మైకా కొనడం మొదలుపెట్టాయి. మైకా దిమ్మను కత్తి మొనతో విడదీసి, అంగుళంలో వెయ్యో వంతు మందానికి దగ్గరగా పొరలు ఒలవాలి. యంత్రానికి చేతకాని ఈ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ల వేళ్లే.

అంత గిరాకీ ఉన్నప్పుడు ఊళ్లు బాగుపడాలి కదా! ఎందుకు బాగుపడలేదో తెలియాలంటే డబ్బు ఏ దారిన వచ్చిందో చూడాలి. మన దగ్గర కొన్న సరుకుకు బ్రిటన్ వెంటనే బంగారమో, బదులు సరుకో ఇవ్వలేదు. లండన్‌లో మన పేరిట స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండ్ల) ఖాతాలో అప్పుగా రాసుకుంది. ఆ ఖాతాను చూపి ఇక్కడ రిజర్వు బ్యాంకు రూపాయి నోట్లు అచ్చువేసింది. 1939లో సుమారు 180 కోట్లున్న నోట్ల చలామణి 1945 నాటికి 1,100 కోట్లు దాటింది. మైకా, గుడ్డ, ధాన్యం ఓడలెక్కి పోతుంటే నోట్లు మాత్రం ఇక్కడే పోగుపడ్డాయి. మిగిలిన కాస్త సరుకు మీద అన్ని నోట్లు పడితే ధరలు పెరగక ఏమవుతాయి? యుద్ధ ఖర్చులో పెద్ద భాగాన్ని జనం నుంచి వసూలు చేసింది ఈ ధరలే. ఏ చట్టసభా ఓటు వేయని పన్ను ఇది. కూలి డబ్బుతో బియ్యం కొనుక్కునే వాళ్ల మీదే ఎక్కువగా పడింది. అమ్ముకోవడానికి పంట ఉన్న ఆసామి, నిల్వ పెట్టుకోగలిగిన వ్యాపారి తట్టుకున్నారు.

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కి బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ మరుసటి ఏడు బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. అక్కడ చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది కూలీలు, జాలర్లు, చేతివృత్తుల వాళ్లు. బాంబు పడని ఊళ్లలోనూ యుద్ధం మనుషులను చంపగలదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మైకా గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1946లో వచ్చింది. అంటే, యుద్ధం ముగిశాక. ఎగుమతి మీద సుంకం వేసి కార్మికుల వైద్యానికి, చదువులకు ఖర్చుపెట్టే ఈ మంచి ఆలోచన గిరాకీ మండిపోతున్న రోజుల్లోనే రావాల్సింది. తర్వాత రేడియోల్లోకి ట్రాన్సిస్టర్ వచ్చింది, మైకాకు బదులు వేరే పదార్థాలు వచ్చాయి. గనులు ఒక్కొక్కటీ చల్లబడ్డాయి.

ఇది పాత కథ అనుకుంటే పొరపాటే. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పైకి వెళ్లిన కొద్ది రోజులకే మన ఇళ్లలో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర చూసి టెన్షన్ మొదలైంది. కృష్ణపట్నం పోర్టు పక్కనే పంటపాళెం దగ్గర నూనె రిఫైనరీలు వరుసగా ఉన్నా లాభం లేకపోయింది, ముడి నూనె ఎక్కువగా రావాల్సింది ఆ రెండు దేశాల నుంచి, సముద్రం దాటే కాబట్టి. ప్రకాశం పొగాకు రైతుకు ఇంకో చిక్కు. ఎర్ర పొటాష్ ఎరువులోని క్లోరైడ్ ఆకు కాలే గుణాన్ని చెడగొడుతుంది, అందుకని సల్ఫేట్ పొటాష్ కొనాలి. ప్రపంచానికి పొటాష్ పంపే పెద్ద దేశాల్లో రష్యా, బెలారస్ ఉన్నాయి, అందుకే యుద్ధం సెగ ఎరువుకూ తగిలింది.

ఆ యుద్ధం రొయ్యల చెరువుల దాకా కూడా వచ్చింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై అదనంగా 25 శాతం సుంకం వేసింది. మన రొయ్యకు అతిపెద్ద మార్కెట్ అదే. రైతు గోడు పత్రికల్లోకి వచ్చింది, రావాల్సిందే. కానీ ప్రాసెసింగ్ ప్లాంట్లలో చలికి వేళ్లు మొద్దుబారుతుంటే రొయ్య తల తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్ల కూలి గురించి ఎంతమంది అడిగారు? ఆర్డర్లు తగ్గితే ముందు తగ్గేది వాళ్ల పనిదినాలే.

ధరలు పెరిగితే ప్రభుత్వ ఉద్యోగికి డీఏ పెరుగుతుంది. కనీస వేతనాల్లోనూ ధరలను బట్టి మారే డీఏ ఉంది. అయితే కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి చేతికి అది అందుతోందా అని చూసే నాథుడు లేడు. యుద్ధాలప్పుడు ఎగుమతిదారుకు, రైతుకు ఊరట ప్యాకేజీ రాసేటప్పుడు, ఆ ప్లాంట్లలోనూ పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గరా పనిచేసే కూలీకి పోయిన పనిదినాలు, పెరిగిన బియ్యం నూనెల ధర లెక్కకట్టి, ఆ డబ్బును నేరుగా వాళ్ల ఖాతాలో వేసే పద్దు అందులో ఉండాలి. ఈసారైనా అది యుద్ధం ముగిశాక కాదు, నడుస్తుండగానే రావాలి.