ఎడమ పక్క అలవాటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎడమ పక్క అలవాటు గారికి,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే కుశలమంతా మీ పక్కే ఉంది. నడుమ మనిషి నిలబడి పొడవు తాడు పట్టి చుట్టూ తిప్పేటప్పుడు మా కుర్ర గుర్రం ఎడమకు తిరిగినంతసేపూ రాజావారి ఊరేగింపే. కుడికి మళ్లించామా, ఆగి మా ముఖంలోకి చూసి, గిర్రున తిరిగి మళ్లీ మీ దారే పడుతుంది. చూసినవాళ్లు మొండిదంటున్నారు. పెంపకం మీది, చెడ్డపేరు దానిదీ!

పుట్టుకతోనే గుర్రానికి ఒంట్లో కాస్త వంపు ఉంటుంది, నిజమే. దాన్ని ముదరబెట్టింది మాత్రం మీరు. హాల్టర్ (తలకు కట్టే పట్టీ) తగిలించేది, నడిపించేది, జీను బిగించేది, చివరికి పెళ్లికొడుకును ఎక్కించేది కూడా ఎడమ నుంచే. ఎడమ నడుముకు కత్తి వేలాడేవాడికి అటునుంచి ఎక్కితే ఒర అడ్డం రాదట. బొబ్బిలి యుద్ధం 1757లోనే అయిపోయింది కదండీ, ఇంకా ఏ ఒర కోసం ఈ జాగ్రత్త? ఎడమ కంటితో రోజూ చూసే కొరడా హఠాత్తుగా కుడి కంట పడితే దానికది కొత్త భూతం.

మీ పక్క బ్రహ్మాండంగా ఉందన్నదీ వట్టి మాటే. ఎడమకు తిరిగేటప్పుడు చాలా గుర్రాలు మెడ ఒక్కటే లోపలికి వంచి, భుజాన్ని బయటికి జారవిడుస్తాయి. కుడికి తిరిగేటప్పుడు ముఖం బయటికి పెట్టి, భుజంతో లోపలికి పడతాయి. వంకర ఒకటే, రెండు వేషాలు.

మీ శిష్యుల వైద్యం ఇంకా ఘనం: రాని పక్కే అరగంట తిప్పడం. మూడేళ్ల గుర్రానికి కీళ్లు ఇంకా ముదరవు, పైగా అలిసిన కండ వంగే బదులు బిగుస్తుంది. రెండు పక్కలా కలిపి 15 నిమిషాలు, వారానికి రెండు మూడుసార్లు చాలు. కుడికి రెండు మూడు చుట్లు, ఆపి ఎడమకు అన్నే, మళ్లీ కుడికి. తాడు 8 మీటర్లుండాలి, చుట్టు 15 మీటర్ల వెడల్పుకు తగ్గకూడదు. మెత్తగా ఉంది కదా అని నాగావళి ఇసుకలోకి దింపకూడదు, లోతు ఇసుకలో కాళ్ల స్నాయువులు (టెండన్లు) బెణుకుతాయి.

అసలు చిక్కు నడుమ నిలబడ్డ మనిషిలో ఉంది. కుడికి తిప్పాలంటే తాడు కుడి చేతికి, కొరడా ఎడమ చేతికి మారాలి. ఎడమ చేతికి కొరడా తిరగదు, దాంతో మనిషి తనకు తెలియకుండానే ముందుకు జరిగి గుర్రం భుజానికి ఎదురొస్తాడు. గుర్రం లెక్కలో అది 'ఆగు' అనడమే. తాడు లాగితే తల లోపలికి, పిరుదులు బయటికి. జీను పట్టీకి ఎదురుగా, ఇంకాస్త తుంటి వైపుకే నిలబడాలి. కొరడా మొన వెనక కాళ్ల మీదికి, లోపలికి పడుతుంటే భుజం మీదికి చూపాలి. తాడును కళ్లెం ఇనుముకు కాక ముక్కు పట్టీ మీది వలయానికి తగిలిస్తే నోరు నొప్పెట్టదు. మొదట్లో బయటి పక్కన ఇంకొకరు నడిపిస్తూ, గుర్రానికి సంగతి అర్థమయ్యాక ఒక్కో అడుగు దూరం జరగాలి. గుర్రం లేకుండానే ఎడమ చేత్తో కొరడా ఆడించడం నేర్వాలి, చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ. తాడు చేతికి చుట్టుకోకుండా మడతలుగా పట్టుకోవాలి, లేదంటే గుర్రం బెదిరి పరిగెత్తిన రోజు వేళ్లు మీకు దక్షిణ.

బాగా తిరిగే గుర్రం ఉన్నట్టుండి ఒక పక్కే మొరాయిస్తే ఆ నేరం మీ మీద వెయ్యం. పళ్లు, వీపు, గిట్టలు పశువైద్యుడికి చూపిస్తాం.

అరసవల్లి స్వామి రథానికి ఏడు గుర్రాలు. రోజూ తూర్పు నుంచి పడమరకు ఒకటే దారి, అక్కడేమైనా కొలువు దొరుకుతుందేమో అడిగి చూడండి. ఇక్కడ రేపటి నుంచి హాల్టర్ కుడి నుంచి, దాణా కుడి నుంచి, జీను పట్టీ రోజు విడిచి రోజు కుడి నుంచి. ట్రాట్ (జోరు నడక) రెండు పక్కలా ఒకే లయకు వచ్చేదాకా దౌడు మాట ఎత్తం.

ఇట్లు,
తాడు పట్టేవాళ్లు, విజయనగరం