కాటుకూ సూదికీ మధ్య

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఇంచుమించు అదే సమయానికి ఒడిశాలోని గంజాం తీరాన్ని నైరుతి వానలు పలకరిస్తాయి. పడవలు సముద్రంలోకి దిగే రోజులూ, పాములు ఇళ్లలోకి వచ్చే రోజులూ ఒకేసారి మొదలవుతాయన్నమాట. ఆర్యపల్లి నుంచి సోనాపూర్ దాకా, అవతల శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం పక్కనున్న డొంకూరు దాకా మత్స్యకార గ్రామాల్లో ఇది ఏటా ఉన్నదే. ఏటా ఉన్నదే కాబట్టి ఎవరికీ పట్టదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి 58 వేల మంది. అందులో సగం చావులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. చావులు ఎక్కువగా నమోదైన ఎనిమిది రాష్ట్రాల జాబితాలో ఒడిశా ఉంది, ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సరిహద్దు దగ్గరి బాహుదా నదికి ఏ గట్టున ఉన్నా మనకు తప్పించుకునే వీలు లేదు.

ఈ తీరానికి జీవాలతో సర్దుకుపోవడం చేతకాదని ఎవరూ అనలేరు. రుషికుల్య నదీముఖం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయని 1994లో బయటి ప్రపంచానికి తెలిసింది. 2025లో అక్కడ గుడ్లు పెట్టిన తాబేళ్లు దాదాపు 7 లక్షలు. వాటి కోసం అటవీ శాఖ ఇసుకలో వల కంచెలు కడుతుంది, కుక్కలూ నక్కలూ రాకుండా కాపలా పెడుతుంది. గుడ్లు చిట్లి పిల్లలు బయటికొచ్చే రాత్రుల్లో దారి తప్పి ఊరివైపు రాకుండా దీపాలు ఆర్పమంటుంది. పురుణబంధ, పొడంపేట కుర్రాళ్లు నిద్ర మానుకొని ఆ పిల్లలను నీళ్లదాకా చేరుస్తారు. నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వేట కట్టేస్తే కడుపు మాడ్చుకున్నది కూడా ఎక్కువగా మన తెలుగు మాట్లాడే నోళియా జాలర్లే. సముద్రం ఊరినే మింగేసిన పొడంపేట వాళ్లు కూడా అందులో ఉన్నారు. తాబేలుకు దక్కిన ఈ శ్రద్ధ మీద మాకు అసూయ లేదు. అంత పకడ్బందీ ఏర్పాటు చేయగల యంత్రాంగం, కట్లపాము కరిచిన మనిషి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు చేతులెత్తేస్తోందన్నదే మా ప్రశ్న.

ముందు కట్లపాము సంగతే చూద్దాం. మన ఊళ్లలో జనం ఎక్కువగా భయపడేది నాగుపాముకు. పడగ విప్పుతుంది, బుస కొడుతుంది కాబట్టి. కట్లపాము అలాంటి హెచ్చరిక ఏదీ ఇవ్వదు. రాత్రిపూట ఎలుకల కోసం, వేరే పాముల కోసం ఇంట్లోకి వస్తుంది. నేలమీద చాప వేసుకొని పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. కరిస్తే నొప్పి ఉండదు, వాపు రాదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, వాంతి. ఇంట్లోవాళ్లు రాత్రి తిన్న చేప పడలేదనుకొని జీలకర్ర నీళ్లు ఇస్తారు. ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, ఊపిరి అందదు. అప్పుడు ఆటో కోసం పరుగులు. కరిచిన పామును చూసినవాళ్లుండరు కాబట్టి ఆసుపత్రిలో కూడా ఒక్కోసారి వేరే జబ్బుగా పొరబడతారు.

దీనికి మందుకంటే ముందు కావలసింది మంచం, అంచులు పరుపు కిందకు దోపిన దోమతెర. మలేరియా కోసం కొండ ప్రాంతాల్లో ప్రభుత్వం పంచుతున్న దోమతెరలనే ఈ తీర గ్రామాలకూ ఇవ్వవచ్చు. ఇస్తే ఎండుచేపల మీద కప్పుకుంటారని నవ్వే అధికారులు ఉండవచ్చు. కప్పుకుంటే ఇంకొకటి ఇవ్వండి. ఐసీయూలో ఒక్క రోజు వెంటిలేటర్ ఖర్చుతో ఎన్ని దోమతెరలు వస్తాయో వాళ్లే లెక్క వేసుకోవచ్చు.

రక్తపింజర తీరు వేరు. జీడితోటల్లో, మొగలి పొదల్లో, పొలం గట్ల మీద కాటేస్తుంది. నొప్పి, వాపు వెంటనే వస్తాయి. రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కవిటి, సోంపేట వైపు ఉద్దానంలో అసలే కిడ్నీ జబ్బు ఇంటింటి సమస్య. అక్కడ గంట ఆలస్యమైతే దాని ఖరీదు డయాలసిస్ మంచం దాకా పోతుంది. ఈ విషాన్ని కనిపెట్టడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయగల పరీక్ష ఇది.

పాము కరిస్తే మంత్రం వేసి పసరు పోసే గుణియా దగ్గరకు పోయేవాళ్లను మూర్ఖులని తిట్టడం మాకు నచ్చదు. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. జెర్రిపోతు, నీరుకట్టె కరిచినా ప్రాణానికి ముప్పు లేదు. విషసర్పం కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. వీళ్లంతా మంత్రంతో, పసరుతో 'బతికినవాళ్ల' లెక్కలో చేరతారు. గుణియా పేరు అలా నిలబడింది. పైగా అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆయనే, తెలుగులో మాట్లాడేదీ ఆయనే. ఆయన్ని శత్రువుగా చూడకుండా, వచ్చిన మనిషిని వెంటనే ఆసుపత్రికి పంపేలా ఒప్పించడం ఆరోగ్య శాఖ చేయదగ్గ తెలివైన పని. కట్టు బిగించవద్దు, గాటు కోయవద్దు, నోటితో పీల్చవద్దు, ఎముక విరిగినప్పుడు చేసినట్టు కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి తీసుకుపోవాలి అన్న నాలుగు మాటలు ఆయన నోట వస్తే పోస్టరు కంటే బాగా పనిచేస్తాయి.

ఇక సముద్రం. అలివి వల ఒడ్డుకు లాగినప్పుడు, మరపడవ వల డెక్కు మీద గుమ్మరించినప్పుడు చేపలతోపాటు తెడ్డులా చదునైన తోక ఉన్న పాములు కూడా పడతాయి. మనవాళ్లు తోక పట్టుకొని గిరాటేస్తారు. అవి తొందరపడి కరవవు కాబట్టి ఆ ధీమా వచ్చింది. కరిచిన రోజున మాత్రం కథ మారిపోతుంది. కాటు దగ్గర పెద్ద నొప్పి ఉండదు, ఏదో చేపముల్లు గుచ్చుకుందనుకొని పని చేసుకుంటూ పోతారు. కొన్ని గంటల్లో ఒళ్లంతా కండరాల నొప్పులు, దవడ బిగుసుకోవడం, మూత్రం నల్లకాఫీ రంగుకు మారడం మొదలవుతాయి. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర విషాలకే. సముద్రపు పాముకు అది పనిచేయదు. ఇక్కడ ప్రాణం నిలిపేది కృత్రిమ శ్వాస, డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రే. ఈ చిన్న సంగతి తీరంలోని ఎంతమంది పడవ యజమానులకు తెలుసు? రెండు వందల ఏళ్లకు ముందే విశాఖపట్నంలో ఉండి పాముల మీద పనిచేసిన పాట్రిక్ రస్సెల్, సముద్రపు పాములను కూడా స్థానికులు పిలిచే పేర్లతోనే రాసిపెట్టుకున్నాడు. జాలర్ల దగ్గర నేర్చుకోవలసింది ఉందని ఆ తెల్లదొరకు తట్టింది. మన మత్స్యశాఖకు ఇంకా తట్టినట్టు లేదు.

పీతలూ, తోకలో ముల్లుండే టేకు చేపలూ మామూలుగా చంపవు గానీ, రోజు కూలి పోగొడతాయి. మండపీత డెక్క వేలు పట్టిందంటే వారం పని పోయినట్టే. కాలువ గట్లలో పీత కన్నాల్లోకి పిల్లలు చెయ్యి దూర్చడం ఇంకా ప్రమాదం, ఆ కన్నాల్లో పాములు కూడా తలదాచుకుంటాయి. ఇనుప కొక్కెం వాడమనాలి. టేకు ముల్లు, జెల్ల ముల్లు గుచ్చుకుంటే చర్మం తట్టుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకు తక్కువ కాకుండా ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. వంట చేసుకునే ప్రతి పడవలోనూ ఆ నీళ్లు కాగుతాయి.

తుపాను రోజులను విడిగా చెప్పుకోవాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే ఈ తీరాన్ని చీల్చాయి. నీళ్లు పైకొచ్చినప్పుడు మనుషులు ఏ మెట్టకు ఎక్కుతారో పాములూ అక్కడికే చేరతాయి. తుపాను షెల్టరు సామగ్రిలో బియ్యం, అటుకులు, టార్చిలైట్లతోపాటు విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు గోడమీద రాసి ఉండాలి.

అసలు చిక్కు సరిహద్దు దగ్గర వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి బ్రహ్మపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి పాతిక ముప్పై కిలోమీటర్లు. శ్రీకాకుళం పోవాలంటే వంద దాటుతుంది. ప్రాణం మీదికి వచ్చినవాడు ఏ వైపు పోతాడో చెప్పనక్కర్లేదు. కానీ ఏ రాష్ట్రం 108 ఎక్కడిదాకా వస్తుంది, ఏ కార్డు ఎక్కడ చెల్లుతుంది అన్న టెన్షన్ ఆ సమయంలో కుటుంబం నెత్తిన ఎందుకు ఉండాలి? గంజాం, శ్రీకాకుళం కలెక్టర్లు ఒక్క పూట కూర్చొని రాతపూర్వకంగా తేల్చగల విషయం ఇది. తీరానికి దగ్గరి ఆరోగ్య కేంద్రాల్లో విరుగుడు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయో గేటు దగ్గర బోర్డు మీద రోజూ రాయాలి. ఒక్క మనిషికి మొదటి డోసుకే ఎనిమిది నుంచి పది వయల్స్ కావాలి, రెండు మూడు పెట్టుకొని 'స్టాక్ ఉంది' అంటే కుదరదు. హెచ్చరికలు ఒడియాలో ఉన్నాయి, మంచిదే. తెలుగులో కూడా ఉండాలి. చదవలేనివాళ్ల కోసం గంగమ్మ గుడి మైకులో వినిపించాలి. రుషికుల్యలో తాబేళ్ల కాపలాకు తర్ఫీదు పొందిన యువకులకు ప్రథమ చికిత్స నేర్పితే సగం పని అయిపోతుంది.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కేసూ, ప్రతి మరణమూ తప్పనిసరిగా నమోదు చేయాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది. ఇంట్లోనో గుణియా వాకిట్లోనో పోయిన ప్రాణం ఈ లెక్కలోకి రాదు. డబ్బు విషయంలోనూ అంతే. ఒడిశా ప్రభుత్వం పాముకాటును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తోంది. వైద్యుల నివేదిక, పోస్టుమార్టం కాగితం లేకపోతే ఆ దరఖాస్తు కదలదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ సంగతి గుర్తుండదు, చాలామందికి తెలియదు కూడా. అంత్యక్రియలకు ముందే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని వార్డు మెంబరుది, ఆశా కార్యకర్తది. వాళ్లకు ముందుగా నేర్పాల్సింది బ్లాక్ ఆఫీసు, ఆ ఫారాన్ని తెలుగులో అచ్చు వేయాల్సింది తహసీల్ ఆఫీసు.