మొదటి ఎయిర్‌సాఫ్ట్ గన్: బడ్జెట్‌లో సగమే గన్‌కి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఫ్రెండ్స్‌తో ఒకసారి ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుండ్లు కాల్చే బొమ్మ గన్‌లతో ఆడే ఆట) ఫీల్డుకి వెళ్ళొచ్చి, ఆ రాత్రే 300 డాలర్ల స్నైపర్‌ని కార్ట్‌లో వేసే తమ్ముళ్ళూ, కాస్త ఆగండి. చేతిలో ఉన్నది మొత్తం 300 అయితే గన్‌కి 160 దాటనివ్వొద్దు. గాగుల్స్‌కీ మాస్క్‌కీ 60, బ్యాటరీకీ ఛార్జర్‌కీ 45, మిగిలింది బీబీలకీ (ఆ ప్లాస్టిక్ గుండ్లే) ఇంకో మ్యాగజైన్‌కీ (బీబీలు నింపే డబ్బా). ఇంకా డౌటుంటే రెంటల్ గన్‌తో రెండు ఆటలు ఆడి చూడండి.

ముందు కళ్ళు. ఆన్సీ జెడ్87.1 (కళ్ళ రక్షణకి అమెరికా ప్రమాణం) ముద్ర ఉండి, ముఖానికి చుట్టూ ఆనుకునే గాగుల్స్ కావాలి. మామూలు సేఫ్టీ గ్లాసెస్‌కి కింద సందు ఉంటుంది. మెష్ (ఇనప జాలీ) గాగుల్స్‌కి ఆవిరి పట్టదు, నిజమే, కానీ బీబీ జాలీకి తగిలి పగిలితే ముక్కలు లోపలికే వస్తాయి. ఈ ఆవిరిని చిన్న విషయం అనుకోవద్దు. ఏమీ కనపడక ఆట మధ్యలో గాగుల్స్ పైకెత్తినప్పుడే కన్ను పోయే ప్రమాదం. అందుకే రెండు పొరల థర్మల్ లెన్స్ తీసుకోండి. మూతికి 15 డాలర్ల మెష్ మాస్క్ చాలు. అది కూడా దండగ అనుకునేవాళ్ళు ఇక్కడ ఊడిన పన్ను ఒకటి డెంటిస్టుతో కట్టించుకోడానికి ఎంతవుతుందో కనుక్కోండి, ఆ డబ్బుతో నాలుగైదు గన్‌లు వస్తాయి.

ఇక గన్. ఎలక్ట్రిక్ ఎం4 (అమెరికా ఆర్మీ రైఫిల్ నమూనా) తీసుకోండి, అంతే. బోర్ కొడుతుందా? కొట్టనివ్వండి. అందులో ఉండే వెర్షన్ 2 గేర్‌బాక్స్‌కి (స్ప్రింగునీ పిస్టన్‌నీ నడిపే గేర్ల పెట్టె) దొరకని పార్టంటూ లేదు, విప్పగలిగే మనిషి ప్రతి ఫీల్డులో ఉంటాడు. జీ అండ్ జీ కంబాట్ మెషిన్, లాన్సర్ టాక్టికల్, స్పెక్నా ఆర్మ్స్ కోర్ లాంటివి చూడండి. ఏకే పిచ్చి ఉంటే సైమా. బయట ప్లాస్టిక్ బాడీ ఉన్నా ఫర్వాలేదు, లోపల గేర్లూ గేర్‌బాక్స్ షెల్లూ మెటల్‌వి కావాలి. గ్యాస్ పిస్టల్ రెండో గన్‌గా బావుంటుంది. మొదటిదిగా వద్దు, చలికి ప్రెషర్ పడిపోతుంది, మ్యాగజైన్ల సీళ్ళు లీకవుతాయి, ఒక్కో మ్యాగజైన్ ఖరీదూ ఎక్కువే. స్నైపర్ అయితే చాలా ఫీల్డుల్లో 100 అడుగుల లోపు ఉన్నవాళ్ళని కాల్చనివ్వరు. అంటే పక్కన ఇంకో గన్ కూడా కొనాలి.

ఎఫ్‌పీఎస్ (బీబీ వేగం, సెకనుకి అడుగుల్లో) ఎక్కువుంటే దూరం వెళ్తుందన్న భ్రమ వదిలేయండి. 0.20 గ్రాముల బీబీతో కొలిస్తే ఇండోర్‌లో 350, అవుట్‌డోర్‌లో 400 సాధారణంగా ఉండే హద్దు. దాటితే గన్ మళ్ళీ కారు డిక్కీలోకే. దూరం ఇచ్చేది హాప్-అప్. బ్యారెల్ మొదట్లో ఉన్న రబ్బరు బీబీ పైభాగాన్ని ఒరిసి వెనక్కి తిప్పుతుంది, ఆ తిరుగుడే దాన్ని గాల్లో నిలబెడుతుంది. సున్నా దగ్గర మొదలుపెట్టి, 30 మీటర్ల టార్గెట్ మీద ఒక్కొక్కటే కాలుస్తూ కొంచెం కొంచెం పెంచండి. బీబీ తిన్నగా పోయి చివర్లో మాత్రమే వాలితే అక్కడ ఆపండి. పైకి లేస్తుంటే ఎక్కువైనట్టు. బీబీ బరువు మార్చిన ప్రతిసారీ మళ్ళీ సెట్ చేసుకోవాలి. 0.25 గ్రాములవి కొనండి, కిలోకి 4000 వస్తాయి. గన్ డబ్బాలో ఫ్రీగా 0.12వి వస్తే చెత్తబుట్టలో వేయండి. నేల మీద ఏరినవి అసలు వాడొద్దు, మట్టి బ్యారెల్‌ని గీకుతుంది, జామ్ అవుతుంది.

కొత్త గన్‌లని ఎక్కువగా చంపేది బ్యాటరీయే. 9.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ (NiMH) లేదా 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) చాలు. ఎవరో చెప్పారని మాస్‌ఫెట్ (ట్రిగ్గర్ కాంటాక్టుల మీద కరెంటు భారం పడకుండా చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) లేని, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న గన్‌కి 11.1 వోల్టుల లైపో పెడితే ట్రిగ్గర్ కాంటాక్టులు కాలిపోతాయి. పిస్టన్ పూర్తిగా ముందుకొచ్చేలోపే గేర్ పళ్ళు మళ్ళీ పట్టుకోవడంతో పిస్టన్ పళ్ళు ఊడిపోతాయి. ఫ్రీగా వచ్చే గోడ ఛార్జర్ చాలావాటికి దానంతటది ఆగదు, కాబట్టి బ్యాలెన్స్ ఛార్జర్ (బ్యాటరీలోని సెల్స్‌ని సమంగా నింపేది) కొనండి. లైపో సెల్ 3 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, ఉబ్బితే ఇక వాడొద్దు. ఆర్డర్ పెట్టేముందు రెండు చూడండి: కనెక్టర్ (బ్యాటరీ వైరు ప్లగ్) టమియా రకమా డీన్స్ రకమా, బ్యాటరీ మీ గన్ వెనక భుజానికి ఆనించే భాగంలో (స్టాక్) పడుతుందా లేదా.

ఆటయ్యాక మ్యాగజైన్ తీసి, నేలవైపు సెమీలో (ఒక్కో నొక్కుకి ఒక్కటే పేలే సెట్టింగ్) ఒక్కసారి కాల్చండి. లోపల చిక్కిన బీబీ పోతుంది, స్ప్రింగూ వదులవుతుంది. తర్వాత బ్యాటరీ పీకేసి, హాప్-అప్ సున్నాకి తిప్పండి. బ్యారెల్‌ని పొడి గుడ్డతో తుడవండి. డబ్ల్యూడీ-40 దగ్గరికి కూడా రానివ్వకండి, రబ్బరు పాడవుతుంది.

బ్యారెల్ చివర బొమ్మ గన్ అని చూపే నారింజ టిప్‌కి రంగు వేయొద్దు. అపార్ట్‌మెంట్ బాల్కనీలోనో పార్కింగ్‌లోనో పట్టుకుని ఫొటోలు దిగొద్దు. పక్కింటావిడ 911కి ఫోన్ చేస్తే వచ్చే పోలీసుకి అది బొమ్మని దూరం నుంచి తెలియదు. ఇంటి నుంచి ఫీల్డు దాకా బ్యాగులోనే ఉండాలి. ఇండియా ప్రయాణంలో తమ్ముడికి చూపిద్దామని సూట్‌కేసులో మాత్రం పెట్టకండి, కస్టమ్స్ దగ్గర జవాబు చెప్పుకోలేరు.