బరిలో గెలిచినవాడిదే న్యాయమా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. "మధ్యయుగ యూరప్‌లో కేసు తేలకపోతే వాది, ప్రతివాది బరిలోకి దిగి కొట్టుకునేవారు. గెలిచినవాడిదే న్యాయం. వకీళ్లు లేరు, వాయిదాలు లేవు, ఒక్క రోజులో తీర్పు. దేవుడు సత్యం వైపే ఉంటాడు కాబట్టి అబద్ధాలకోరు బరి దగ్గరికే వచ్చేవాడు కాదు. పేద, ధనిక, ఆడ, మగ తేడా లేదు. ఇంగ్లండ్‌లో 1819 దాకా నడిచింది. మనకీ ఇలాంటి చట్టం రావాలి." కింద కవచాలు తొడుక్కుని కత్తులు దూస్తున్న ఇద్దరు వీరుల బొమ్మ. పంపుతున్నది చదువూ సంధ్యా లేనివాళ్లైతే ఊరుకునేదాన్ని, బాగా చదువుకున్న స్నేహితులే పంపుతున్నారు, అందుకే ఒళ్లు మండి రాస్తున్నాను.

ముందు ఆ బొమ్మ సంగతి. కవచాలూ గుర్రాలూ పెద్దింటి వాళ్లకి. 1455లో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న వలాంసియెన్ పట్టణంలో మహియో కోకెల్, జాకోతాన్ ప్లూవియే అనే ఇద్దరు మామూలు మనుషులు బర్గండీ డ్యూక్ ఫిలిప్ కళ్లెదుట పోరాడారు. ఒంటికి అతుక్కునేలా తోలు బట్టలు కుట్టి, పట్టు చిక్కకుండా వాటికి కొవ్వు పూసి, చేతులు జారకుండా బూడిద రాసుకోనిచ్చి, చెరో దుడ్డుకర్ర ఇచ్చారు. తాను ఆత్మరక్షణ కోసమే ఒకణ్ణి చంపానన్నది కోకెల్ వాదన, చనిపోయినవాడి బంధువు ప్లూవియే. కోకెల్‌ని చావబాది, కొనప్రాణంతో ఉన్నవాణ్ణి తీసుకెళ్లి ఉరి తీశారు. అతను చెప్పింది నిజమో అబద్ధమో ఆ దెబ్బల్లో ఎక్కడ తేలింది?

"చర్చి ఆశీస్సులతో జరిగేది" అని ఇంకో మెసేజ్‌లో ఉంది. దానికి ఒక్క ముక్క చాలు: 1215లో చర్చి పెద్దల సభ, నాలుగో లాటరన్ సభ, ఇలాంటి దైవపరీక్షల్లో అర్చకులు పాల్గొనకూడదని తేల్చి చెప్పింది, ద్వంద్వ యుద్ధాల మీద అప్పటికే ఉన్న నిషేధాన్ని మళ్లీ గుర్తుచేసింది.

ఇక "వకీళ్లు లేరు, వాయిదాలు లేవు, ఒక్క రోజులో తీర్పు". దీని మీదే నా కోపమంతా, ఎందుకంటే మెసేజ్‌ని నమ్మిస్తున్నది ఇదే. ఫ్రాన్స్‌లో అందరికంటే ఎక్కువగా చెప్పుకునే కేసునే తీసుకోండి. 1386 జనవరిలో జాక్ లె గ్రి అనేవాడు తనని బలాత్కరించాడని మార్గరీత్ అనే స్త్రీ చెప్పింది. ఆమె భర్త జాన్ ద కరూజ్ ముందు తమ ప్రభువు దగ్గరికే న్యాయానికి వెళ్తే, లె గ్రికి అండగా ఉన్న ఆ ప్రభువు అతను నిర్దోషి అనేశాడు. అక్కణ్ణించి పారిస్‌లో రాజు దగ్గరికి అప్పీలు. జూలైలో సవాలు, ఆ తర్వాత పారిస్ ఉన్నత న్యాయస్థానంలో విచారణ, వాంగ్మూలాలు, రెండు వైపులా వకీళ్లు. పోరాటానికి అనుమతి వచ్చింది సెప్టెంబర్లో. నవంబర్ చివరికి పెట్టిన తేదీ కూడా మారింది. ఎందుకో తెలుసా? యువరాజు కూడా కాదు, సాక్షాత్తూ రాజు ఆరో చార్లెస్ ఊళ్లో లేడు, ఆ పోరాటం ఆయన కళ్లారా చూడాలి. అంతే, డిసెంబర్ 29కి వాయిదా. వాయిదాలు లేని న్యాయమంటే ఇదేనా?

ఆ రోజు మార్గరీత్ నల్లబట్టల్లో బరి పక్కనే కూర్చుని ఉంది. భర్త ఓడితే ఆమె అబద్ధం చెప్పినట్టే లెక్క, బతికుండగానే కాల్చేస్తారు. తొడకి గాయమైన భర్త ఎలాగో లె గ్రిని కింద పడేసి, ఒప్పుకోమని అడిగాడు. వాడు చివరిదాకా ఒప్పుకోలేదు, చచ్చాడు. లె గ్రి వకీలు జాన్ లె కోక్ రాసిపెట్టుకున్న నోట్సు ఇప్పటికీ ఉన్నాయి, అసలు నిజం ఎవరికీ తెలియదనే ఆయన రాసుకున్నాడు. నేను మార్గరీత్ మాటే నమ్ముతాను, కానీ నా నమ్మకానికి కారణం ఆమె చెప్పిన మాట, ఆమె మొగుడి కండబలం కాదు. ఆ మధ్యాహ్నం అతని కాలు జారి ఉంటే ఈ మెసేజ్ రాసినవాళ్ల లెక్కలో ఆమె అబద్ధాలకోరు. అత్యాచారం జరిగిందని చెప్పిన మనిషి ప్రాణాన్ని ఇంకొకరి కత్తిసాము మీద పందెం కాసే పద్ధతిని "ఆడ, మగ తేడా లేదు" అని పొగుడుతూ పంపడానికి మీకు మనసెలా ఒప్పింది? అవును, 15వ శతాబ్దపు జర్మన్ కత్తిసాము గురువు టాల్‌హోఫర్ పుస్తకంలో మగవాణ్ణి నడుం లోతు గోతిలో దింపి, ఆడమనిషి మేలిముసుగులో రాయి కట్టి కొట్టే బొమ్మలున్నాయి. బొమ్మ చూపించి సమానత్వం అంటే ఎలా? మార్గరీత్‌కి ఏ గొయ్యీ, ఏ రాయీ ఇవ్వలేదు.

పేదా ధనికా తేడా లేదట. ఇంగ్లండ్‌లో భూమి తగాదాల్లో డబ్బున్నవాడు కిరాయి యోధుణ్ణి పెట్టుకునేవాడు, మఠాలు కూడా పెట్టుకునేవి. ఈ కిరాయి మనిషి బరిలోకి దిగేముందు, ఆ భూమి హక్కు సంగతి తానో తన తండ్రో కళ్లారా చూసినట్టు దేవుడి మీద ప్రమాణం చేయాలి. అది పచ్చి అబద్ధమని అందరికీ తెలుసు. చివరికి 1275లో, వీళ్లు దొంగ ప్రమాణాలు చేయకుండా తప్పించుకోలేకపోతున్నారని, ఆ ప్రమాణాన్నే చట్టంలోంచి తీసేశారు. ఇంత జరిగాక కూడా "అబద్ధాలకోరు బరి దగ్గరికే రాడు" అంటారా?

పోనీ అప్పటివాళ్లంతా గుడ్డిగా నమ్మారా అంటే అదీ లేదు. ఇటలీలో రాజ్యమేలిన లాంబార్డు జాతి రాజు లియుట్‌ప్రాండ్ 731లోనే తన చట్టంలో రాయించాడు: ఈ దైవతీర్పు మీద మాకు నమ్మకం లేదు, న్యాయం ఉన్నవాళ్లు కూడా పోరాటంలో ఓడిపోతున్నారని విన్నాం, కానీ మా జాతి ఆచారం కాబట్టి ఆపలేకపోతున్నాం. దాదాపు పదమూడు వందల ఏళ్ల కిందటి రాజుకి వచ్చిన అనుమానం మనకి రాదా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ పద్ధతి పెట్టినవాళ్లు మూర్ఖులు కారు. ఆరో శతాబ్దం మొదట్లో బర్గండీ రాజు గుండోబాద్ దాన్ని చట్టంలో పెట్టింది జనం దొంగ ప్రమాణాలకి తెగబడుతున్నారనే. సాక్షులు దొరకని చోట, వంశాలకి వంశాలు పగతో నరుక్కునే చోట, ఆ పగని ఇద్దరి మధ్యకి, ఒక్క రోజుకి, ఒక్క బరిలోకి కుదించడం అప్పటికి కొంత మేలే. బరిదాకా వచ్చి భయంతో రాజీపడినవాళ్లు కూడా చాలామందే. అది వాళ్ల కాలపు కష్టానికి వాళ్లకి తోచిన మందు.

1819 మాటా అంతే. 1817లో మేరీ ఆష్‌ఫర్డ్ అనే అమ్మాయి హత్య కేసులో అబ్రహాం థార్న్‌టన్‌ని జ్యూరీ వదిలేసింది. ఆమె అన్న విలియం పాత చట్టం కింద మళ్లీ కేసు వేస్తే, థార్న్‌టన్ కోర్టులోనే చేతి తొడుగు నేలకేసి కొట్టి పోరాటానికి రమ్మన్నాడు. అందరూ మర్చిపోయిన చట్టం, కానీ రద్దు కాలేదు కాబట్టి జడ్జీలు 1818లో కాదనలేకపోయారు. బక్కపల్చని విలియం వెనక్కి తగ్గాడు, థార్న్‌టన్ ఇంటికెళ్లిపోయాడు. మర్నాటి ఏడాదే పార్లమెంటు ఆ చట్టాన్ని తీసిపారేసింది. 1819 దాకా "నడవలేదు", 1819లో సిగ్గుపడి వదిలించుకున్నారు.

మన కోర్టుల్లో ఏళ్లకేళ్లు తిరిగి చెప్పులరిగినవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, అది న్యాయమైన కోపమే. ఖాళీగా ఉన్న జడ్జీ పోస్టుల గురించి, సాక్షులకి రక్షణ గురించి, ఉచిత న్యాయ సహాయం గురించి ఏదైనా రాసి పంపండి, నాకు తెలిసిన ప్రతి గ్రూపులోనూ నేనే పెడతాను. ఈ కత్తుల బొమ్మ మాత్రం ఇక నాకు పంపకండి.